అప్‌డేట్: హాట్‌ప్లేట్‌లో రజాయి రీడింగ్ తక్కువ రావడానికి కారణం దొరికింది

వరంగల్‌లో మా టెక్స్‌టైల్ ల్యాబ్‌లోని గార్డెడ్ హాట్‌ప్లేట్ (గుడ్డ వేడిని ఎంత ఆపుతుందో కొలిచే వేడి ప్లేటు యంత్రం) పల్చటి దుప్పట్లకు సరైన విలువే ఇస్తూ, దూది రజాయికి మాత్రం వేడిని ఆపే గుణం బాగా తక్కువ చూపిస్తోందని అడిగాను కదా, అది తేలింది. గార్డ్ రింగ్ (మధ్య ప్లేటు వేడి పక్కకు పోకుండా చుట్టూ అంతే వేడిగా ఉంచే రింగ్) సెన్సార్‌ను విడిగా చెక్ చేయించమన్న అన్నకు చాలా థ్యాంక్స్, విషయం అదే.

సర్వీస్ ఇంజనీర్ వచ్చి చూస్తే ఆ పీటీ100 సెన్సార్ (వేడి పెరిగితే రెసిస్టెన్స్ పెరిగే ఉష్ణోగ్రత సెన్సార్) వైరు టెర్మినల్ దగ్గర వదులైంది. దాంతో రెసిస్టెన్స్ పెరిగి, డిస్‌ప్లేలో 35 డిగ్రీలు కనిపిస్తున్నా రింగ్ నిజానికి అంతకంటే చల్లగా ఉంది, మధ్య ప్లేటు వేడి కొంత పైకి కాకుండా పక్కకు పోతోంది, దాన్ని కూడా యంత్రం గుడ్డలోంచి పోయినట్టే లెక్కేస్తోంది. పల్చటి గుడ్డలోంచి ఎలాగూ ఎక్కువ వేడి పోతుంది కాబట్టి ఆ తేడా తెలియదు. మందం రజాయిలోంచి పోయే వేడే తక్కువ, అందుకే అక్కడ బయటపడింది. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది కూడా ఇదే.

వైరు బిగించి, క్యాలిబ్రేట్ చేసి, రిఫరెన్స్ శాంపిల్ పెట్టి చూశాం, సరిపోయింది. రజాయి రీడింగ్ కూడా ఇప్పుడు నిలకడగా వస్తోంది. గది ఏసీ, 65 శాతం తేమ సెట్టింగ్, దూది అణిగిపోవడం, వీటికి సంబంధం లేదు. టాగ్ (రజాయి వేడిని ఎంత ఆపుతుందో చెప్పే యూనిట్) లెక్క అడిగినవాళ్లకు: 0.1 చదరపు మీటర్ కెల్విన్ పర్ వాట్ అంటే 1 టాగ్.