కుస్‌ని ఆంగ్లిరు మీద వదిలేసి వెళ్ళడం తప్పా, రైటా?

మారతహళ్ళి_పీజీ
ఆదివారం నంది కొండ దిగాక టిఫిన్ దగ్గర మొదలైన గొడవ అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2023 వుయెల్టా (స్పెయిన్‌లో మూడు వారాల సైకిల్ రేసు, రోజుకో స్టేజి), 17వ స్టేజి, ఆంగ్లిరు కొండ. రేసులో ముందున్నవాడి ఎర్ర జెర్సీ సెప్ కుస్ ఒంటి మీద ఉంది. అతని జంబో-విస్మా టీమ్‌లోని రోగ్లిచ్, వింగెగార్డ్ ఇద్దరూ అతన్ని వెనక వదిలేసి వెళ్ళిపోయారు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి కోసం కొండలెక్కినవాడు కుస్. టీమ్ కారులోంచి రేడియోలో వాళ్ళని ఆపి ఉండాల్సిందా?

హెసరఘట్ట
ఆపాలి. ఇందులో చర్చేముంది?

ఎదురుగాలి
చర్చ ఉంది. మొదటి మూడు స్థానాలూ ఆ టీమ్‌వే. బయటివాడి నుంచి ప్రమాదం లేదు. అలాంటప్పుడు కాళ్ళలో బలం ఉన్నవాడిని ఎందుకు ఆపాలి? ఆ ఏడాది ఇటలీలో జిరో రోగ్లిచ్‌తో, ఫ్రాన్స్‌లో టూర్ వింగెగార్డ్‌తో గెలిచిన టీమ్ అది. జాలి పడుతూ కూర్చుంటే అలాంటి సీజన్ రాదు.

చైన్_ఊడింది
ఎదురుగాలి గారూ, ఆ జిరోలోనూ టూర్‌లోనూ కొండల మీద వాళ్ళ ముందు గాలి కోసింది ఎవరు? కుస్. ఆ తర్వాత వుయెల్టాకీ వచ్చాడు. ఒక్కోటీ 21 స్టేజీలు, మూడు వారాలు. అలాంటివి ఒకే ఏడాదిలో మూడు తొక్కించి, నాలుగు రోజుల్లో మాడ్రిడ్ చేరతామనగా వదిలేస్తారా? పెళ్ళిలో పొద్దున్నుంచీ వడ్డించినవాడు చివరికి విస్తరి ముందు కూర్చోగానే గిన్నెలు సర్దేసినట్టుంది.

ఎదురుగాలి
మాటిమాటికీ "వదిలేశారు" అంటున్నారు. వీడియో మళ్ళీ చూడండి. ముందు తొక్కుతున్నది రోగ్లిచ్. వింగెగార్డ్ అతని వీల్ పట్టుకుని (వెనకే అంటిపెట్టుకుని) ఉన్నాడు, అంతే. కుస్ ఆ వేగం అందుకోలేకపోయాడు. అది దాడి కాదు.

చైన్_ఊడింది
వెనక లీడర్ జెర్సీ జారిపోతుంటే వేగం తగ్గించకపోవడాన్ని మీరేమంటారో చెప్పండి, ఆ మాటే వాడదాం. చివరి ఎత్తులో కుస్ పట్టుకున్న వీల్ సొంత టీమ్‌వాడిది కూడా కాదు, బహ్రెయిన్ టీమ్ లాండాది.

ఎదురుగాలి
మళ్ళీ అదే. దాడి అంటే లేచి నిలబడి గ్యాప్ తీయడం. ఆంగ్లిరు మీద వింగెగార్డ్ అలా చేయలేదు.

హెసరఘట్ట
ముందు రోజు బెహెస్‌లో చేశాడుగా మరి?

ఎదురుగాలి
బెహెస్ వేరు. ఆ ఉదయమే వాళ్ళ టీమ్‌మేట్ వాన్ హూయ్‌డోంక్ ఆసుపత్రి పాలయ్యాడు. వింగెగార్డ్ ఆ గెలుపు అతనికి అంకితమిచ్చాడు.

రెండో_గేర్
అంకితం నిజమే, కానీ సెకన్లూ నిజమే. బెహెస్ తర్వాత వింగెగార్డ్ మీద కుస్ చేతిలో మిగిలింది 29 సెకన్లు. ఆంగ్లిరు మీద 19 పోయాయి. రెండో స్థానంలో వచ్చిన వింగెగార్డ్‌కి బోనస్ (మొత్తం టైమ్‌లోంచి తగ్గించే సెకన్లు) 6, మూడో స్థానంలో కుస్‌కి 4 కాబట్టి అక్కడ ఇంకో 2. వింగెగార్డ్‌కీ కుస్‌కీ మధ్య మిగిలింది 8 సెకన్లు. మరుసటి రోజు టీమ్ మొత్తం కుస్ వైపు నిలబడింది. వింగెగార్డే అతనికోసం ముందు తొక్కాడు. ఆఖరికి 17 సెకన్లతో కుస్ గెలిచాడు. ఆంగ్లిరు రాత్రి హోటల్లో ఏదో నిర్ణయం జరిగిందనేగా దీనర్థం! ఆ నిర్ణయం ఒక రోజు ముందు ఎందుకు జరగలేదన్నదే నా ప్రశ్న.

మారతహళ్ళి_పీజీ
చిన్న డౌట్. ఎవరు లీడర్, ఎవరు హెల్పర్ అనేది అసలు ఎప్పుడు తేలుస్తారు?

రెండో_గేర్
పెద్ద టీముల్లో రైడర్లు సుమారు ముప్పై మంది ఉంటారు. చలికాలంలో స్పెయిన్ లాంటి చోట క్యాంపు పెట్టి, ఎవరు ఏ రేసుకి వెళ్ళాలి, దానికి ముందు కొండ మీద ట్రైనింగ్ ఎక్కడ, ఎవరికోసం ఎవరు తొక్కాలి అని ఒక ప్లాన్ ఇస్తారు. గ్రాండ్ టూర్‌కి, అంటే జిరో, టూర్, వుయెల్టాల్లో ఒకదానికి, ఎనిమిది మందికే చోటు (2018కి ముందు తొమ్మిది). ఒకడు జారిపడితే, ఒకడికి జ్వరమొస్తే ప్లాన్ మారిపోతుంది. అందరూ టీవీలో టూర్ చూస్తారు గానీ అసలు టెన్షన్ ఆ జాబితాలోనే ఉంటుంది.

పాయింట్ల గోల ఒకటి. 2022 వరకు టూర్‌లో ఒక స్టేజి గెలిస్తే 120 పాయింట్లు, ఎవరూ చూడని 1.1 అనే కింది స్థాయి ఒక్కరోజు రేసు గెలిస్తే 125! మూడేళ్ళ పాయింట్లు కలిపి అడుగున ఉన్నవాళ్ళని పై స్థాయి నుంచి దించేస్తారు. దాంతో భయపడిన టీములు మంచి రైడర్లని చిన్న చిన్న రేసులకి తిప్పాయి. అయినా 2022 చివర్లో లోటో, ఇజ్రాయెల్ టీములు దిగిపోయాయి. అప్పుడు టీమ్‌లో మొదటి పదిమంది పాయింట్లే లెక్క. బాటిళ్ళు మోసేవాడు ఎంత మోసినా ఆ లెక్కలోకి రాడు. 2023 నుంచి ఇరవై మందికి పెంచారు, స్టేజి గెలుపు విలువా పెంచారు.

ఎదురుగాలి
రెండో_గేర్ గారు నా మాటే చెప్పారు. రైడర్ మనసు చూసుకుంటూ కూర్చుంటే లైసెన్సే పోతుంది. 2012 టూర్ గుర్తుందా? లా తుస్సుయిర్ ఎక్కేటప్పుడు ఫ్రూమ్ కాళ్ళు తన స్కై టీమ్ లీడర్ విగ్గిన్స్ కంటే బాగున్నాయి, ముందుకు వెళ్ళిపోయాడు. రేడియోలో ఆగమన్నారు, ఆగాడు. విగ్గిన్స్ టూర్ గెలిచాడు, ఫ్రూమ్ రెండో స్థానం. మరుసటి ఏడాది అదే స్కై టీమ్‌కి లీడరై ఫ్రూమ్ గెలిచాడు. క్రమశిక్షణ అంటే అది.

చైన్_ఊడింది
ఆగండాగండి. 2012లో బలమున్నవాడిని ఆపడం రైటు. 2023లో బలమున్నవాడిని ఆపకపోవడమూ రైటు. అంటే మీ సిద్ధాంతం బలం గురించి కాదు, క్రమశిక్షణ గురించీ కాదు. కారులో కూర్చున్నవాడు ఏం చేసినా రైటే అన్నది మీ సిద్ధాంతం.

హెసరఘట్ట
ఈ దెబ్బ తగిలింది 😄

ఎదురుగాలి
తగల్లేదు. పరిస్థితి వేరు, నిర్ణయం వేరు. ఇరవై మందిని నడిపించినవాడికే ఇది అర్థమవుతుంది. ఒక్కడే తొక్కుకుంటూ పోయేవాడికి కాదు.

చైన్_ఊడింది
ఓ, అక్కడికొచ్చారా? అయితే నా పేరు చైన్_ఊడింది అని ఎందుకు పెట్టుకున్నానో చెబుతాను. మా క్లబ్ (పేరు వద్దు) తరఫున దేవనహళ్ళి అవతల నలుగురి టీమ్ టైమ్ ట్రయల్. మూడోవాడు గీత దాటిన టైమే లెక్క. ముందురోజు రాత్రి నాకు చెప్పింది: "నువ్వు బరువున్నవాడివి, వెళ్ళేటప్పుడు ఎదురుగాలిలో పొడవైన పుల్స్ (ముందుండి గాలి కోసే వంతులు) నువ్వు వెయ్యి, తిరిగొచ్చేటప్పుడు మేం చూసుకుంటాం." వేశాను. టర్నింగ్ దగ్గర చైన్ ఊడింది. ఎక్కించుకుని తలెత్తేసరికి ముగ్గురూ కనుచూపు మేరలో లేరు. పోడియం ఫోటోలో ముగ్గురే. పోనీ, రూల్ ప్రకారం ముగ్గురు చాలు. కానీ ఆ తర్వాతి రేసు లిస్టులో కూడా నా పేరు లేదు. కారణం అడిగితే "ఫామ్" అన్నారు.

మారతహళ్ళి_పీజీ
అన్నా, ఇది ఆ డిసెంబర్ రేసా?

చైన్_ఊడింది
అదే. లిస్టు రాసినవారు ఈ థ్రెడ్‌లోనే ఉన్నారు.

రెండో_గేర్
అయ్యో.

ఎదురుగాలి
దాచాల్సిందేమీ లేదు, నేనే రాశాను. ముగ్గురు ఆగి ఉంటే పోడియం పోయేది. మీరే క్యాప్టెన్ అయితే ఆపేవారా? నిజం చెప్పండి.

చైన్_ఊడింది
ఆపను. నేనూ వెళ్ళిపోయేవాడినే.

ఎదురుగాలి
మరి ఈ గోలంతా దేనికి?

చైన్_ఊడింది
వెళ్ళినందుకు కాదండీ. "మేం చూసుకుంటాం" అన్నందుకు. "నీకేదైనా అయితే ఆగం, ముగ్గురు చాలు" అని రాత్రే చెప్పి ఉంటే పుల్స్ కాస్త దాచుకునేవాడిని, లేదా తెలిసే ఇచ్చేవాడిని. ఫ్రూమ్ సంగతి చూడండి, విగ్గిన్స్ లీడర్ అని టూర్ మొదలవకముందే అందరికీ తెలుసు. ఆగినప్పుడు ముఖం మాడ్చుకున్నా ఆగాడు. కుస్ విషయంలో ఎవరికోసం ఎవరు తొక్కాలో ఆంగ్లిరు దాకా ఎవరూ తేల్చలేదు. అదే జంబోలో డుమౌలిన్ 2021 జనవరిలో సైకిల్ పక్కన పెట్టేశాడు. అందరూ తన నుంచి ఏదో ఆశిస్తున్నారు, తనకేం కావాలో తనకే తెలియట్లేదన్నాడు. జిరో గెలిచినవాడికే ఆ పరిస్థితి వస్తే మామూలు హెల్పర్ల సంగతి ఎవరికి పట్టింది?

ఎదురుగాలి
ముందే అన్నీ రాసిచ్చేస్తే దారిలో చేతులు కట్టేసినట్టే. కుస్ ఆ ఎర్ర జెర్సీ ఎలా వేసుకున్నాడు? 6వ స్టేజిలో బ్రేక్‌అవేలో (పెద్ద గుంపుని వదిలి ముందుకెళ్ళే చిన్న గుంపులో) వెళ్ళి గెలిచి టైమ్ సంపాదించాడు కాబట్టి. "లీడర్లు ఇద్దరే, నువ్వు వాళ్ళ పక్కనే ఉండు" అని రాసిన కాగితాన్ని పట్టుకుని కూర్చుని ఉంటే కుస్ గెలుపే లేదు. మీరు అడుగుతున్న మాట మీ కుస్‌కే దెబ్బ.

రెండో_గేర్
ఇది ఒప్పుకోవాల్సిన మాటే.

చైన్_ఊడింది
ఒప్పుకుంటాను. ప్లాన్ మార్చుకోండి, మార్చినప్పుడు నోరు విప్పి చెప్పండి. అది అంత కష్టమా?

ఎదురుగాలి
45 కిలోమీటర్ల వేగంలో, గాలి హోరులో, మన దగ్గర రేడియోలు కూడా లేకుండా? కష్టమే.

చైన్_ఊడింది
లిస్టులోంచి పేరు తీసేసినప్పుడు గాలి హోరు లేదు కదా. వాట్సాప్ ఉంది.

హెసరఘట్ట
ఎదురుగాలి గారూ, దీనికి జవాబు చెప్పాల్సిందే.

ఎదురుగాలి
వచ్చే నెల రేసు లిస్టు శుక్రవారం గ్రూపులో పెడతాను. ఎవరి పని ఏమిటో పక్కనే రాస్తాను. కానీ దారిలో మార్చే హక్కు నాదే. అది కూడా రాస్తాను.

చైన్_ఊడింది
ఎవరికైనా ఏదైనా అయితే ఆగుతారో ఆగరో అదీ రాయండి. చదివాక వస్తానో రానో చెబుతాను.