తాతకి నడిచే పొగబండి ఎక్కడ చూపించాలి?

మాది శ్రీకాకుళం జిల్లా టెంబూరు దగ్గర పల్లె. నౌపడ–గుణుపూర్ లైను రెండున్నర అడుగుల గేజిలో ఉన్న రోజుల్లో మా తాత అక్కడ గ్యాంగ్‌మేన్, పట్టాలు బాగుచేసే పని. 2004లో ఆ చిన్న లైను మూసేసి, 2011కి పెద్ద లైను తెచ్చారు. ఇప్పుడు బండి వెళ్తున్నా తాత తల ఎత్తి చూడడు. మొన్న ఒక స్టేషన్ ముందు పెట్టిన పాత ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్లాను. రంగులేసి మెరిపించారు. చక్రం మీద అరచెయ్యి ఆనించి, "చల్లగుందిరా, శవంలాగ" అన్నాడు. ఫొటో కూడా దిగలేదు. నిజంగా ఆవిరితో నడిచేది ఎక్కడుంది? 81 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు.

విజయనగరం నుంచి ఒకరు:
ఊటీ లైనుకి తీసుకెళ్లండి. ధన్‌బాద్–అలెప్పీ బండి మా విజయనగరంలో ఆగుతుంది, కోయంబత్తూరులో దిగొచ్చు. పక్కనే మేట్టుపాళయం. అక్కడ ఉదయం 7.10కి కొండబండి. కూనూరు దాకే ఆవిరి ఇంజిన్, ఆపైన డీజిల్. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్ల పట్టా ఉంటుంది, ఇంజిన్ పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. 12 అడుగులకి ఒక అడుగు ఎత్తు మరి! ఇంజిన్ వెనకనుంచి తోస్తుంది కాబట్టి అందరూ ఎగబడే ముందు పెట్టె మీకొద్దు, చివరి పెట్టె చూసుకోండి. హిల్‌గ్రోవ్‌లో ఇంజిన్ నీళ్లు పట్టుకుంటుంది, తాతగారిని దింపి దగ్గరగా నిలబెట్టండి. పెట్టెల్లో టాయిలెట్ ఉండదు, అదొక్కటే టెన్షన్. అక్టోబరు, నవంబరు వద్దు, వానలకి కొండ విరిగిపడి బండ్లు ఆపేస్తుంటారు. టికెట్లు ముందే తీసుకోండి.

పాతపట్నం నుంచి ఒకరు:
బాబూ, మన చిన్న లైను బండిలో పర్లాకిమిడి పెళ్లికెళ్తే నిప్పురవ్వ పడి నా కొత్త పంచెకి శనగగింజంత చిల్లు పడింది. కంట్లో బొగ్గునుసి పడితే మా ఆవిడ కొంగు ఊది కాపడం పెట్టింది. ఊటీలో కొన్ని ఇంజిన్లు ఆయిల్‌తో నడుస్తాయట. ఆ రోజు బొగ్గు ఇంజిన్ ఉందో లేదో అడిగి వెళ్లండి, మీ తాతకి ఆ వాసన కావాలి.

టెంబూరు అబ్బాయి:
ఇద్దరికీ థాంక్సండీ. ఫిబ్రవరికి అనుకుంటున్నాం. రాత్రి తాతకి అంతా చదివి వినిపించాను. ఊటీ చలి గురించి అడగలేదు, ఖర్చు గురించి అడగలేదు. చాలాసేపు ఆలోచించి, "ఆ పళ్ల పట్టాకి గ్రీజు ఎవుడు రాస్తాడ్రా?" అన్నాడు.