పెరుగుదల ఆగాక వికాసం ఎలా సాగుతుంది? మా నాయనమ్మను చూసి వచ్చిన సందేహం

ప్రశ్న: టెట్ అభ్యర్థిని, వరంగల్

అందరికీ నమస్కారం. నేను డి.ఎడ్. పూర్తిచేసి టెట్‌కు, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్షకు చదువుకుంటున్నాను. పెరుగుదల ఒక వయసుకు ఆగిపోతుందని, వికాసం మాత్రం పుట్టుక నుంచి మరణం వరకు సాగుతుందని శిశు వికాసం పాఠం మొదట్లోనే ఉంటుంది. ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు రాసుకున్నానో లెక్క లేదు, మాదిరి పరీక్షల్లో తప్పు పెట్టిందీ లేదు. కానీ ఇంట్లో మా నాయనమ్మను చూసినప్పుడల్లా దాని మీద నాకు నమ్మకం సడలుతోంది.

ఆమెకు 78 ఏళ్లు. మునిమనవడికి పెట్టిన పేరు ఎన్నిసార్లు చెప్పినా మరో పేరుతో పిలుస్తుంది. వార్తలు చదివే అమ్మాయి మరీ తొందరపడుతోందని విసుక్కుంటుంది. సూదిలో దారం ఎక్కించలేదు కనుక ఆదివారం పొద్దున నన్ను కూర్చోబెట్టి ఏడు సూదులకు ఒకేసారి దారాలు ఎక్కించుకుని, పాత దిండుగలీబుకు వాటిని వరుసగా గుచ్చి పెట్టుకుంటుంది. ఇక వారమంతా కుట్టు ఆగదు. ఒకప్పుడు లంగాలు, జాకెట్లు కూడా కుట్టేది. అవన్నీ మానేసి ఇప్పుడు బొంతలు మాత్రమే కుడుతోంది.

ఇలా ఉండగా మొన్న పొలం పంపకాల మాట వచ్చి ముగ్గురు కొడుకులూ గొంతులు పెంచుకున్నప్పుడు, ఎవరిని ముందు మాట్లాడనివ్వాలో, ఎవరిని చాయ్ పెట్టించుకు రమ్మని కాసేపు బయటికి పంపాలో ఆమెకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియలేదు. చూపు, జ్ఞాపకం తగ్గుతూ ఉంటే దాన్ని క్షీణత అనాలి గాని వికాసం అని ఎలా అంటాం? పుస్తకంలోని వాక్యం పెద్దల మనసు నొప్పించకుండా రాసిన మర్యాద మాటేనా, లేక దాని వెనుక నిజంగా ఏదైనా ఉందా?

సమాధానం 1: విశ్రాంత అధ్యాపకుడు, నల్గొండ

అమ్మా, ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన డైట్‌లో చాలా ఏళ్లు ఇదే పాఠం చెప్పినవాడిని కాబట్టి కొంచెం పొడవుగా రాస్తున్నాను. ఆ వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. అయితే మనం దాన్ని ఒక మార్కు బిట్టుగా మార్చేసి, దాని వెనుక ఉన్న వాదాన్ని వదిలేశాం.

వికాసం అంటే మెట్లు ఎక్కడమేనని, ఏదో ఒక వయసులో పై మెట్టు చేరి అక్కడి నుంచి దిగడమేనని చాలాకాలం భావించారు. జర్మన్ మనోవిజ్ఞాని పాల్ బాల్టెస్ 1987లో రాసిన వ్యాసంలో దీన్ని కాదన్నాడు. ఏ వయసులోనైనా వికాసమంటే లాభమూ నష్టమూ కలిసి జరిగే మార్పేనని, వయసుతోపాటు మారేది ఆ రెండింటి పాళ్లేనని ఆయన వాదన. ముసలితనంలో నష్టం ఉంటుందని మనం సులభంగా ఒప్పుకుంటాం. పసితనంలోనూ నష్టం ఉంటుందంటే మాత్రం నమ్మం. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలకు హిందీలోని ట, త శబ్దాలను వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను చక్కగా పసిగట్టారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి ఎక్కువ మందిలో ఆ శక్తి పోయింది, ఎందుకంటే వారి ఇంటి భాషకు ఆ తేడాతో పని లేదు. మన పిల్లలకు రోజూ ఆ తేడాతో పని ఉంటుంది కనుక అది నిలుస్తుంది. అక్కరలేనిదాన్ని వదులుకోవడం వల్లనే తన భాష మీద పట్టు దొరుకుతుంది. పుట్టిన ఏడాదిలోపే జరిగే ఈ నష్టాన్ని క్షీణత అని ఎవరైనా అంటారా?

ఇక మీ నాయనమ్మ సూదుల సంగతి. చదువుతుంటే నాకు నవ్వూ ఆశ్చర్యమూ కలిగాయి, ఎందుకంటే తగ్గిన శక్తిని ఎంపికతో, సాధనతో, బదులు దారులతో ఎలా సర్దుకుంటామో చెప్పడానికి బాల్టెస్ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. ఎనభై ఏళ్ల వయసులోనూ అంత బాగా ఎలా వాయించగలుగుతున్నారని అడిగితే, తక్కువ కృతులు ఎంచుకుంటానని, వాటినే ఎక్కువగా సాధన చేస్తానని, వేగంగా వాయించవలసిన చోటుకు ముందు కావాలనే నెమ్మదిస్తానని, అప్పుడు తరువాతి భాగం వేగంగా వినిపిస్తుందని ఆయన చెప్పాడట. జాకెట్లు మాని బొంతలు మాత్రమే ఉంచుకోవడం ఎంపిక. వారమంతా వాటి మీదే చేయి ఆడించడం సాధన. ఆదివారమే ఏడు సూదులు సిద్ధం చేయించుకోవడం, పోయిన చూపుకు బదులు వెతుక్కున్న దారి. బాల్టెస్ పేరు వినకుండానే మీ నాయనమ్మ ఆ సిద్ధాంతాన్ని ఒక దిండుగలీబు మీద గుచ్చి పెట్టింది.

సమాధానం 2: భాషాభిమాని, గుంటూరు

మాస్టారి వివరణ బాగుంది గాని నాకు ఒక అభ్యంతరం ఉంది. వికాసం అంటే విచ్చుకోవడం, విరియడం. రేకులు రాలడాన్ని కూడా వికాసమే అంటే మాటకు అర్థం మిగలదు. ‘డెవలప్‌మెంట్’ అనే ఇంగ్లీషు పదానికి మనం పెట్టుకున్న అనువాదం ఇరుకైనది కాబట్టి ఈ చిక్కు వచ్చింది గాని విషయంలో చిక్కు లేదని నా అనుమానం. ‘జీవిత పరిణామం’ అని ఉంటే ఈ అమ్మాయికి ఈ సందేహమే రాకపోను.

మన భాష ఈ విషయంలో ఎంత ఉదారమైనదో కూడా చూడండి. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు అంటూ మొదటి ఏడాదిలో ప్రతి కదలికకూ ఒక పిండివంట పెట్టుకున్నాం. ఆ తరువాత అరవై నిండి షష్టిపూర్తి వచ్చేదాకా శరీరంలోని మార్పును తలుచుకునేవారు తక్కువ. నడుమ మిగిలింది ఒక్క చత్వారం. చత్వారింశత్ అంటే నలభై. కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరి అక్షరాలు మసకబారే ఆ మార్పును మన పెద్దలు రోగం పేరుతో కాక వయసు పేరుతోనే పిలిచారు. ఈ ఒక్క మాటలో నాకు మాస్టారి వాదం కనిపిస్తోంది, కాబట్టి నా అభ్యంతరం పదం మీదనే.

సమాధానం 3: పిల్లల వైద్యురాలు, విశాఖపట్నం

పెరుగుదల ఆగిపోతుందన్న సగం గురించి ఎవరూ మాట్లాడలేదు, నిజానికి అదీ అంత సూటిగా లేదు. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు ఉండే బిడ్డ ఏడాదికి 75 సెంటీమీటర్లకు చేరుతుంది. అదే వేగం సాగితే పదేళ్లకు మూడు మీటర్ల పిల్లవాడు తలుపులో పట్టక వంగి రావలసి వస్తుంది. వేగం తగ్గుతుంది, కౌమారంలో మళ్లీ ఒకసారి పుంజుకుంటుంది, ఆడపిల్లల్లో ఇది మగపిల్లల కంటే దాదాపు రెండేళ్లు ముందు వస్తుంది, ఎముకల చివరన ఉండే ఎదుగుదల పొర గట్టిపడ్డాక పొడవు ఆగుతుంది. అయితే ఎముక సాంద్రత 30 ఏళ్ల ప్రాంతం దాకా పెరుగుతూనే ఉంటుంది. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం, అంటే తొందరపాటును పట్టి ఆపే భాగం, పూర్తిగా పక్వమయ్యేసరికి పాతికేళ్లు వస్తాయి. పదిహేనేళ్ల కొడుకు తండ్రి ఎత్తుకు వచ్చినంత మాత్రాన తండ్రి అంత వివేకంతో ఉండాలని ఆశించే తల్లిదండ్రులకు నేను రోజూ చెప్పే మాట ఇదే.

అసలు నేను రాయాలనుకున్నది వేరు. నాయనమ్మ మునిమనవడి పేరు మరచిపోతోందని రాశారు. వార్తలు చదివే అమ్మాయి తొందరపడుతోందని విసుక్కుంటోందని కూడా రాశారు. ఈ రెండు వాక్యాలను కలిపి చదివారా? వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందుగా పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. స, ష, త, క వంటి హల్లులు చెదిరిపోయి మాట గొణిగినట్టు, పరుగెత్తినట్టు వినిపిస్తుంది. సరిగా చెవిన పడని పేరు జ్ఞాపకంలో ఎలా నిలుస్తుంది? మా మామగారి విషయంలో మేమంతా మతిమరుపు అనుకుని ఏడాది పోగొట్టాం. పేరు చప్పున గుర్తుకు రాకపోవడం, కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం ఈ వయసులో మామూలే. తెలిసిన వీధిలో దారి తప్పడం, చేతికి వచ్చిన పని చేసే వరుస మరచిపోవడం, డబ్బు లెక్క తెలియకపోవడం మాత్రం మామూలు కాదు, వాటికి ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి చూడాలి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు వంటి సరిచేయదగిన కారణాలు కూడా వాటి వెనుక ఉండవచ్చు. ముందు చెవులు పరీక్ష చేయించండి.

సమాధానం 4: విశ్రాంత అధ్యాపకుడు, నల్గొండ

డాక్టరమ్మ మాటకు ఒకటి కలుపుతాను. వయసుతో తెలివి తగ్గుతుందన్న నమ్మకంలో కొంత భాగం పోల్చే పద్ధతిలోని పొరపాటు వల్ల వచ్చింది. అమెరికాలోని సియాటెల్‌లో వార్నర్ షాయీ 1956లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, ఏడేళ్లకొకసారి అవే మనుషులను మళ్లీ పరీక్షిస్తూ, కొత్తవారిని కలుపుకుంటూ వెళ్లాడు. ఒకే రోజున పాతికేళ్లవారిని, డెబ్బై ఏళ్లవారిని పక్కపక్కన నిలబెట్టి పోల్చితే కనిపించే పతనం, ఒకే మనిషిని ఏళ్ల తరబడి అనుసరిస్తే అంతగా కనిపించలేదు. వేగం ముందే తగ్గినా, చాలా సామర్థ్యాలు 60 దాటేదాకా పెద్దగా తగ్గలేదు. తేడాలో చాలా భాగం ఏ తరం ఎంత చదువుకుందన్నదే. అయిదో తరగతితో ఆగిన నాయనమ్మను బీటెక్ మనవడి పక్కన పెట్టి, ఆ తేడా అంతా వయసుదే అనుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను తరగతిలో నేనూ వాడాను, ఇప్పుడైతే వాడను.

గుంటూరు మిత్రుడి అభ్యంతరం న్యాయమైనదే. అయినా, అమ్మా, పరీక్షలో మాత్రం ‘వికాసం జీవితాంతం సాగుతుంది’ అనే పెట్టు. పదం మార్పించే పని మేము చూసుకుంటాం.

ప్రశ్న అడిగినవారు: టెట్ అభ్యర్థిని, వరంగల్

అందరికీ ధన్యవాదాలు. డాక్టర్ గారు రాసింది చదివాక నిన్న నాయనమ్మకు ఎదురుగా కూర్చుని, టీవీ కట్టేసి, మునిమనవడి పేరు నిదానంగా రెండుసార్లు చెప్పాను. ఆమె నా పెదవుల వంక చూస్తూ, ‘సాకేత్ అంటవా? నేను ఇన్ని రోజుల నుంచి రాకేష్ అనుకుంటున్న. మీరంతా నోట్లోనే మాట్లాడితే నాకెట్ల తెలుస్తది?’ అంది. సోమవారానికి చెవి డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాం. ఆదివారమే సూదుల పని ముగించాలని ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది.