నిర్మాతగా రామోజీరావు: వెండితెర నుండి బుల్లితెర దాకా

ప్రశ్న:
పత్రికాధిపతిగా రామోజీరావు గారి గురించి చాలామంది రాశారు గానీ, నిర్మాతగా ఆయన కృషిని విడిగా పరిశీలించినవారు నాకు అంతగా కనిపించలేదు. 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’తో చిత్రనిర్మాణం ఆరంభించిన ఆయన సంస్థ ఉషాకిరణ్ మూవీస్, అగ్రతారలపై ఆధారపడకుండా ఎలా నిలదొక్కుకుంది? ఆ అనుభవం ఈటీవీకి ఎంతవరకు ఉపకరించింది? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
కథను నమ్ముకోవడం వల్లనే అని నా అభిప్రాయం. మీరు పేర్కొన్న చిత్రానికి పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ఆధారం, జంధ్యాల గారు దర్శకులు. అయితే నిర్మాతగా ఆయన తెగువ ‘మయూరి’ (1985)లోనే పూర్తిగా కనిపిస్తుంది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ పాదంతో మళ్లీ నాట్యవేదిక ఎక్కిన సుధాచంద్రన్ గారి జీవితాన్ని చిత్రంగా తీయాలనుకోవడం ఒక ఎత్తయితే, అంతకుముందు సినిమాల్లో నటించని ఆమె చేతనే ఆ పాత్ర వేయించడం మరొక ఎత్తు. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఆ చిత్రమూ, అదే ఏడాది టి. కృష్ణ గారి దర్శకత్వంలో వచ్చిన ‘ప్రతిఘటన’ కూడా తరువాత హిందీలోకి వెళ్లాయి.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూనే, పంపిణీ సంగతిని కూడా చేర్చాలి. బయ్యర్లు (చిత్రాల పంపిణీ హక్కులు కొనేవారు) హీరోను చూసి అడ్వాన్సులిచ్చే రంగంలో కొత్తవారితో సినిమా మొదలుపెట్టడం సామాన్య నిర్మాతకు సాధ్యమయ్యే పని కాదు. మయూరి పేరుతో సొంత పంపిణీ సంస్థ, చేతిలో పత్రిక ఉన్నందువల్ల ఆయనకు ఆ స్వేచ్ఛ దక్కింది. కథాభిరుచి ఎంత ఉన్నా, ఈ ఏర్పాటు లేకపోతే అన్ని చిత్రాలు వచ్చేవి కావని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మూడవ జవాబు:
టెలివిజన్ గురించి నాలుగు మాటలు. సినిమా విడుదలతో నిర్మాత పని చాలావరకు ముగుస్తుంది. చానల్‌కు మాత్రం ప్రతిరోజూ కొత్త కార్యక్రమం కావాలి. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైన మరుసటి సంవత్సరమే హైదరాబాద్ శివారులో ఫిల్మ్ సిటీ సిద్ధమవడాన్ని ఈ అవసరంతో కలిపి చూడాలి, ఎందుకంటే సెట్లు, చిత్రీకరణ, ఎడిటింగ్ ఒకేచోట లేకుండా అన్ని గంటల ప్రసారాన్ని సొంతంగా నింపడం చాలా కష్టం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి సారథ్యంలో ‘పాడుతా తీయగా’ కొత్త గాయకులకు వేదికైనట్లే, సినిమాలో 2000లో ఉషాకిరణ్ మూవీస్ వారి ‘చిత్రం’తో తేజ గారు దర్శకులుగా, ఉదయ్ కిరణ్ గారు కథానాయకుడిగా పరిచయమయ్యారు. అదే సంవత్సరం అదే సంస్థ నుండి తరుణ్ గారు హీరోగా వచ్చిన ‘నువ్వే కావాలి’ తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది.