మోకాళ్ల అరుగుదలకు స్టెరాయిడ్ సూది: వేయించుకోవచ్చా, కూడదా?

కోటవీధి_పర్లాకిమిడి
బరంపురం వెళ్తే మోకాల్లో సూది వేద్దామంటున్నారు. ఊళ్లోకొస్తే "స్టెరాయిడ్ జోలికి పోతే ఎముక గుల్లయిపోద్ది" అంటున్నారు. అరవై దాటి, గుజ్జు అరిగి, నీరు పట్టి, షుగర్ కూడా ఉన్నవాళ్ల సంగతి ఏంటండి? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి. వాట్సాప్‌లో తిరిగే మాటలు వద్దు.

కీళ్లవైద్యం_బరంపురం
ముందు ఏ సూది అన్నది తేల్చుకుందాం. మనవైపు ఈ ఒక్క పేరు కింద మూడు పనులు నడుస్తున్నాయి. కీలు లోపలికి ట్రయామ్సినలోన్ 40 మిల్లీగ్రాములో, మిథైల్ ప్రెడ్నిసొలోన్ 40 నుంచి 80 మిల్లీగ్రాములో వేసేది మొదటిది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిపి వారం వారం పిర్రకు పొడిచేది రెండోది. సంతలో దొరికే పేరులేని నొప్పుల పొడి మూడోది. అందులో స్టెరాయిడ్ కలుపుతున్నారన్నది ఎప్పటినుంచో ఉన్న రోగమే. ఎముక గుల్లవడం, మొహం ఉబ్బడం, ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ ఆగిపోవడం ఎక్కువగా వచ్చేది రెండో, మూడో దారిలో. ఆ చెడ్డపేరంతా మొదటిదాని నెత్తిన పడుతోంది.

కీలులో వేసిన మందు కొంత రక్తంలోకి వెళ్తుంది, కాదనను. కానీ ఏడాదికి ఒకటి రెండు సూదులతో ఎముకలు గుల్లవుతాయనడం లెక్కకు నిలవదు. అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మోకాలి, తుంటి అరుగుదలకు దీన్ని గట్టిగానే సిఫారసు చేసింది.

ఫిజియో_రాయగడ
ఎముక సంగతి ఒప్పుకుంటాను. గుజ్జు సంగతి దాటేశారు డాక్టరు గారూ. 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరీక్ష చూడండి. 140 మంది, రెండేళ్లు, మూడు నెలలకోసారి ట్రయామ్సినలోన్ 40 మిల్లీగ్రాములు. రెండో జట్టుకు ఉత్త సెలైన్. స్టెరాయిడ్ జట్టులో గుజ్జు మందం 0.21 మిల్లీమీటర్లు తగ్గింది, సెలైన్ జట్టులో 0.10. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. గుజ్జు పోగొట్టుకుని నొప్పి తగ్గించుకోకపోతే ఏం లాభం?

కీళ్లవైద్యం_బరంపురం
ఆ పరీక్షలో నొప్పిని అడిగింది మూడు నెలలకోసారి, అంటే మందు పని అయిపోయాక. ఈ సూది ఉపశమనం మామూలుగా కొన్ని వారాలే. ఆ వారాలు లెక్కలోకే రాలేదు. ఇక 0.1 మిల్లీమీటరు తేడా మనిషి నడకలో ఎంత తేడా తెస్తుందో ఆ పరీక్ష తేల్చలేదు. 2003లో కెనడాలో 68 మందిలో సగం మందికి ఇదే మోతాదు, ఇదే గడువుతో, మిగతా సగానికి సెలైన్ ఇస్తే, ఎక్స్‌రేలో కీలు సందు ఇరుకవడంలో తేడా రాలేదు.

ఫిజియో_రాయగడ
ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు కదండీ, సందు మాత్రమే కనబడుతుంది. 2017 వాళ్లు ఎంఆర్ఐ తీశారు. 2003 పరీక్షని ముందుకు తెచ్చి దీన్ని కొట్టెయ్యడం కుదరదు. మూడు నెలలకోసారి వరసగా వెయ్యడానికి ఆధారం ఎక్కడుందో చూపించండి, అదే నా ప్రశ్న. "ఏడాదికి మూడు నాలుగుకు మించొద్దు" అని మామూలుగా చెప్పే మాట కూడా అలవాటుగా వచ్చిన గీతే గానీ పరీక్షించి గీసింది కాదు.

మందులషాపు_గుణుపురం
మీ ఇద్దరి వాదం మధ్యలో షుగర్ మాట ఎవరూ ఎత్తలేదు. అడిగినాయన అడిగిందే అది.

కీలులో వేసినా షుగర్ మొదటి రోజే పైకి పోతుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది, ఎక్కువమందికి వారంలోపు దిగుతుంది. కొందరికి 300 దాటుతుంది. కాబట్టి ఆ వారం రోజూ పరగడుపున ఒకసారి, సాయంత్రం ఒకసారి మీటరుతో చూసుకోవాలి. పొద్దున్నే చూసి బాగుందనుకుంటే మోసపోతారు, స్టెరాయిడ్ ఎక్కువగా పెంచేది మధ్యాహ్నం, సాయంత్రం షుగర్‌ని. ఇన్సులిన్ వాడేవాళ్లు మోతాదు ఎలా సర్దాలో సూదికి ముందే అడిగి రాయించుకోవాలి. షుగర్ ముందే అదుపులో లేకపోతే సూది వాయిదా వెయ్యడమే మేలు.

ఇంకొకటి, దీన్ని చాలామంది డాక్టర్లు కూడా అడగరు. ఏఆర్‌టీ సెంటరులో ఇచ్చే హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్ ఉంటే ట్రయామ్సినలోన్ ఒంట్లోంచి త్వరగా పోదు. ఒక్క సూదికే మొహం ఉబ్బి, వారాల తరబడి నీరసం పట్టుకుంటుంది. పదిమందిలో చెప్పుకోలేక ఆ మందుల మాట దాచేస్తే ప్రమాదం అక్కడే. చీటీ చూపిస్తే చాలు, నోటితో చెప్పక్కర్లేదు.

ఏ మందు వేశారో తెలియకపోతే సీసా చూడండి. ట్రయామ్సినలోన్, డెపో-మెడ్రాల్ (మిథైల్ ప్రెడ్నిసొలోన్) కదిపితే పాలలా తెల్లగా ఉంటాయి. డెక్సా నీళ్లలా తేటగా ఉంటుంది. ఖాళీ సీసా లేబుల్ ఫొటో తీసి ఉంచుకోండి, తేదీ, ఏ కాలు అన్నది రాసి.

నర్సింగ్_జయపురం
సూది వేసే పద్ధతిలోనే సగం మంచీ చెడూ ఉన్నాయి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తోనో పోవిడోన్ అయోడిన్‌తోనో తుడిచాక ఆరనివ్వాలి. తడి మీదే పొడిస్తే తుడవనట్టే. మోకాల్లో నీరుంటే ముందు లాగాలి. మసకగా, చీములా వస్తే స్టెరాయిడ్ వెయ్యకూడదు, ఆ నీటిని ల్యాబుకు పంపాలి. ఒకే సీసా నలుగురికి వాడే చోట వేయించుకోవద్దు.

ఒకే కీలు నెలల తరబడి వాచి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కాదని తేలేదాకా సూది మాటే వద్దు. అక్కడ స్టెరాయిడ్ వేస్తే రోగానికి తలుపు తీసినట్టే. అలాగే కొరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరయ్యే పుట్టు జబ్బు) ఎక్కువ. ముప్పయ్యేళ్ల కుర్రాడు తుంటి నొప్పంటే దాన్ని అరుగుదల అనుకోకూడదు. సికిల్‌లో తుంటి ఎముక తల రక్తం అందక చచ్చిపోతుంది. వాళ్లకి పిర్ర సూది డెక్సా ఇస్తే నొప్పుల దాడి తిరగబెట్టే ప్రమాదం ఉంది. ముందు సికిల్ పరీక్ష, తర్వాత ఎక్స్‌రే, అందులో ఏమీ లేకపోతే ఎంఆర్ఐ.

కోటవీధి_పర్లాకిమిడి
వేయించాక నొప్పి ఇంకా పెరిగిందని కొందరంటారు. అదేంటి?

నర్సింగ్_జయపురం
రెండు రకాలు. మందు గింజలకి కీలు రేగడం ఒకటి: మొదటి రోజే మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, ఐస్ పెట్టుకుని, నొప్పి మాత్ర వేసుకుంటే చాలు. చీము పట్టడం రెండోది: అరుదు, వేలల్లో ఒకరికి, కానీ కీలునే తినేస్తుంది. మామూలుగా రెండు మూడు రోజుల తర్వాత మొదలై రోజురోజుకీ పెరుగుతుంది. కాలు వంగదు, వేడిగా ఎర్రగా ఉంటుంది, జ్వరం ఉండొచ్చు, ముసలివాళ్లకి లేకపోవచ్చు కూడా. అప్పుడు షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగొద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి, కీలు నీరు తీసి పరీక్ష చేసే చోటికి వెళ్లాలి. ముందే మందు మింగేస్తే పరీక్షలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు.

మొహం ఎర్రబడి వెచ్చగా అనిపించడం, ఆడవాళ్లకి నెలసరి అటూఇటూ అవడం ఉంటాయి, వాటంతటవే పోతాయి. చర్మం తెల్లబడి పల్చబడడం వేళ్ల కీళ్లలాంటి చిన్న చోట ఎక్కువ, మందు పైపైన కారినప్పుడు. నెలల తరబడి ఉండొచ్చు.

మందులషాపు_గుణుపురం
మోకాలి మార్పిడి ఆపరేషన్ అనుకుంటున్నవాళ్లు మూడు నెలల ముందునుంచీ సూది వేయించుకోకూడదు, ఆపరేషన్‌లో చీము ప్రమాదం పెరుగుతుంది. విశాఖలో తేదీ ఖాయం చేసుకుని, ఇక్కడ ఊరట కోసం సూది పొడిపించుకుని వెళ్లేవాళ్లున్నారు. అక్కడ తేదీ వెనక్కి పోతుంది.

కోటవీధి_పర్లాకిమిడి
మరి స్టెరాయిడ్ బదులు జెల్ సూది, రక్తం తీసి వేసేది అంటున్నారే?

కీళ్లవైద్యం_బరంపురం
అదే 2019 మార్గదర్శకాలు మోకాలికి జెల్ వద్దన్నాయి, రక్తం తీసి వేసే పీఆర్‌పీని ఇంకా గట్టిగా వద్దన్నాయి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన మేలు ఎక్కువ కాదు.

ఫిజియో_రాయగడ
ఈ ఒక్కదాంట్లో మనిద్దరం ఒకటే. మిగతాది వినండి. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 156 మంది మీద పరీక్ష: ఒక జట్టుకు స్టెరాయిడ్ సూదులు, ఒక జట్టుకు ఫిజియోథెరపీ. ఏడాది తర్వాత నొప్పి, కదలికల ఇబ్బంది కలిపి 240కి లెక్కేస్తే సూది జట్టుకు 55.8, ఫిజియోథెరపీ జట్టుకు 37. తక్కువైతే మేలు. కాబట్టి తొడ కండరం గట్టిపడకుండా సూది మీద సూది వెయ్యడం నాకు నచ్చదు.

కీళ్లవైద్యం_బరంపురం
నొప్పితో కాలు కదపలేనివాళ్లచేత తొడ కండరం వ్యాయామం ఎలా చేయిస్తారు? నీరు పట్టి రేగిన మోకాలికి ఒక సూది, రెండు రోజులు విశ్రాంతి, మూడో రోజునుంచి మీ దగ్గరికి. ఉపశమనం ఉన్న ఆ నాలుగు వారాలూ వ్యాయామానికి వాడుకోవాలి. నేను చెప్పేది అదే.

ఫిజియో_రాయగడ
మొదటి సూదికి అడ్డు చెప్పను. మూడు నెలలు తిరిగేసరికి రెండోది అడిగితే మాత్రం ఒక మాట అడగండి: ఈ మూడు నెలల్లో వ్యాయామం చేశారా, లేదా? చెయ్యకపోతే సూది కాదు, ఎందుకు చెయ్యలేదన్నది చూడాలి.

కీళ్లవైద్యం_బరంపురం
చేసినా నొప్పి తగ్గని మనిషికి, ఆపరేషన్‌కు గుండె ఒప్పుకోని మనిషికి? వాళ్లకి రెండోది వేస్తాను. గుజ్జు ఎలాగూ పోయి ఎముక ఎముక రాసుకుంటున్న కాలు అది, అక్కడ 0.1 మిల్లీమీటరు ఎవరికోసం దాచాలి?

ఫిజియో_రాయగడ
అలాంటివాళ్ల మాట వేరు. యాభై ఏళ్లకే, ఇంకా గుజ్జు మిగిలున్న కాలికి వేసేవాళ్ల గురించి నేను మాట్లాడుతున్నది.