ఇన్సులిన్ డోసు మూడుసార్లు పెంచినా పరగడుపు షుగర్ 200 దిగడం లేదు, ఎక్కడ చూసుకోవాలి?

పాలేరు_గట్టు:

అమ్మకు 61 ఏళ్లు, బరువు 62 కిలోలు. షుగర్ వచ్చి 14 ఏళ్లు, ఇన్సులిన్ మొదలై నాలుగేళ్లు. 30/70 మిక్స్ ఇన్సులిన్ ఉదయం 24 యూనిట్లు, రాత్రి 8 గంటలకు 16 యూనిట్లు. మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్ 2 ఎంజీ రెండు పూటలా. ఇన్సులిన్ 10 మి.లీ. సీసాలు నెలకు రెండు తెస్తున్నాం. సూది తనే వేసుకుంటుంది.

ఈ ఏడాదిలో డోసు మూడుసార్లు పెంచారు. అయినా పరగడుపున 190–210, టిఫిన్ తిన్నాక 280–300. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 9.6. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.1, నార్మలే అని రిపోర్టులో ఉంది. వారంలో ఒకటి రెండుసార్లు అర్ధరాత్రి దాటాక చెమటలు పట్టి, చేతులు వణికి లేస్తుంది, నాలుగైదు బిస్కెట్లు తిని పడుకుంటుంది.

1. డోసు ఇంకా పెంచమని అడగాలా?
2. అన్నం మానేసి కొర్రలు, రాగులకు మారిస్తే తగ్గుతుందా?
3. ఏదో కషాయం తాగితే ఇన్సులిన్ మానేయొచ్చని బంధువులు పట్టుబడుతున్నారు. పదిహేనేళ్లకు దగ్గరపడ్డ షుగర్‌కు అది అయ్యే పనేనా?

వార్డు_సిస్టర్:

డోసు మాట తర్వాత. ముందు మీ సీసాల లెక్క చూడండి. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లు. 10 మి.లీ. సీసా అంటే 400 యూనిట్లు. అమ్మగారికి రాసింది రోజుకు 40. అంటే సీసా పది రోజులకు ఖాళీ అవ్వాలి, నెలకు మూడు కావాలి. మీరు తెస్తున్నవి రెండు. నెలకు 1,200 యూనిట్లు పడాల్సినచోట 800 కూడా పడటం లేదు. మూడో వంతు ఎక్కడో ఆగిపోతోంది. కోప్పడకుండా, పక్కన కూర్చుని, ఆమె సూది ఎలా వేసుకుంటున్నారో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూడండి.

చూడాల్సినవి ఇవి. సిరంజి మూత ఎరుపా, నారింజా? సీసా మీద 40 ఐయూ (మి.లీ.కి 40 యూనిట్లు) అని ఉంటే ఎర్ర మూత యూ-40 సిరంజే వాడాలి. నారింజ మూత యూ-100 సిరంజితో 24 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది పది యూనిట్లే. దీనికి తిరగేస్తే ఇంకా ప్రమాదం: పెన్ను కార్ట్రిడ్జ్‌లో (100 ఐయూ) ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలోకి లాగితే రెండున్నర రెట్లు పడుతుంది.

మిక్స్ ఇన్సులిన్‌లో తెల్లటి మడ్డి అడుగున పేరుకుంటుంది. సీసాను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి, పాలలా ఒకే రంగుకు వచ్చాకే తీయాలి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి గాలి బుడగలు లోపలికి వస్తాయి, ఆ మేరకు మందు తగ్గుతుంది. కలపకపోతే ఒక రోజు పైతేట, ఇంకో రోజు మడ్డి పడుతుంది. అలాంటప్పుడు ఏ డోసు రాసినా నిలకడ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం పొట్ట. సబ్బు రాసిన తడి చేత్తో బొడ్డుకు రెండు పక్కలా నిదానంగా తడమండి. నాలుగేళ్లుగా ఒకేచోట గుచ్చుకుంటూ ఉంటే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది. చూపుకు తెలియకపోవచ్చు, చేతికి రబ్బరులా, దళసరిగా తగులుతుంది. అక్కడ నొప్పి ఉండదు కాబట్టి ఎవరైనా మళ్లీ అక్కడే గుచ్చుకుంటారు. కానీ ఆ గడ్డలోంచి మందు రక్తంలోకి ఎప్పుడు, ఎంత వెళుతుందో చెప్పలేం.

మందుల_చీటీ:

సిస్టర్ గారు చెప్పినదానికి నిల్వ సంగతి కలుపుతాను. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. డీప్ ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టి కరిగితే ఆ సీసా పనికిరాదు, పైకి బాగానే కనిపించినా సరే. తెరిచిన రోజు తేదీ సీసా మీద రాసుకోండి. చాలా రకాల సీసాలు తెరిచాక 28 రోజుల లోపు వాడేయాలి, అట్ట మీద కంపెనీ రాసిన గడువే మీకు లెక్క. ఖమ్మం, రామగుండం వైపు మే నెల ఎండల్లో గది వేడి 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో ఇన్సులిన్ బలం పోతుంది. కరెంటు పోయే ఊళ్లలో సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచితే చాలావరకు కాపాడుకోవచ్చు. మందు సీసా గోడకు పొరలా అంటుకున్నా, కలిపాక కూడా ముక్కలు ముక్కలుగా తేలినా పారేయండి.

స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే చెమ్మ తగిలి అంకెలు తప్పుతాయి. పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే మీటరు 300 చూపించినా చూపిస్తుంది.

పాలేరు_గట్టు:

సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. సిరంజి ఎర్ర మూతదే. సీసా కలపడం లేదు, నేరుగా తీసేస్తోంది. బొడ్డుకు రెండు పక్కలా నిమ్మకాయంత గడ్డలు చేతికి తగిలాయి, ఇన్నాళ్లూ సూదులన్నీ అక్కడే. మెల్లగా అడిగితే అసలు సంగతి చెప్పింది. రాత్రి షుగర్ పడిపోతుందన్న భయంతో వారంలో మూడు నాలుగు రోజులు రాత్రి సూది మానేస్తోంది, కొన్నిసార్లు సగమే వేసుకుంటోంది. డాక్టరుకు ఎప్పుడూ చెప్పలేదట. ఇప్పుడు గడ్డలు వదిలేసి తొడకు వేయమంటారా?

వార్డు_సిస్టర్:

ఆగండి! ఇక్కడే జాగ్రత్త కావాలి. గడ్డలో పడుతున్న 24 యూనిట్లనే ఒక్కసారిగా మంచి చోట వేస్తే మొత్తం మందు ఒంటికి పట్టి షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చోటు మార్చే రోజున డోసు ఎంత తగ్గించాలో డాక్టరుతో ఫోన్లోనైనా మాట్లాడి అప్పుడే మార్చండి. చాలామందికి పది, ఇరవై శాతం తగ్గించి మొదలుపెడతారు. రాత్రి పడిపోతున్న మనిషి కాబట్టి ఇంకాస్త ఎక్కువే తగ్గించవచ్చు.

మార్చాక పొట్టను బొడ్డు మధ్యగా నాలుగు భాగాలు అనుకోండి, వారానికొక భాగం. అందులోనూ సూదికీ సూదికీ ఒక వేలి వెడల్పంత ఎడం. బొడ్డుకు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేయాలి. గడ్డలున్న చోటు లెక్కలోకి రాదు, అవి కరగడానికి నెలలు పడుతుంది. పొట్టకు వేస్తే మందు త్వరగా పడుతుంది, తొడకు వేస్తే నిదానంగా. అందుకని ఉదయం సూదికి ఒకచోటు, రాత్రి సూదికి ఒకచోటు అని ఖాయం చేసుకోండి. ఉదయం పొట్ట, సాయంత్రం తొడ, మర్నాడు తిరగేసి అంటే అంకెలు గందరగోళమవుతాయి. సూది పూర్తిగా నొక్కాక పదంకెలు లెక్కపెట్టి తీయాలి.

ఎండీ_జనరల్:

ఇప్పుడు బొమ్మ స్పష్టమైంది. రాత్రి సూది పూర్తిగా పడిన రోజు 2, 3 గంటలకు షుగర్ పడిపోతోంది. సూది మానేసిన రోజు రాత్రంతా పెరుగుతోంది. రెండు రకాల రాత్రుల తర్వాతా పరగడుపు అంకె 200 దగ్గరే కనిపిస్తుంది. మొదటిదానికి అర్ధరాత్రి బిస్కెట్లు చాలావరకు కారణం, రెండోదానికి మందు లేకపోవడం. డాక్టరుకు కనిపించింది ఉదయపు అంకె ఒక్కటే, అందుకే డోసు పెంచుకుంటూ పోయారు.

30/70లో 30 పాళ్లు త్వరగా పనిచేసే ఇన్సులిన్, 70 పాళ్లు నిదానంగా పనిచేసే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్. ఈ ఎన్‌పీహెచ్ సుమారు 4 నుంచి 10 గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. రాత్రి 8కి వేస్తే ఆ ఉధృతి అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా. పైగా రాత్రి గ్లిమెపిరైడ్ కూడా ఉంది. అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయించే మందు, మిక్స్ ఇన్సులిన్‌తో కలిసి రాత్రి పడిపోవడానికి తోడవుతుంది. మరో సంగతి: 61 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.1 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 57 దగ్గర తేలుతుంది. రిపోర్టులో నార్మల్ అని ఉన్నా కిడ్నీ పని కొంత తగ్గిందన్నమాటే. కిడ్నీ మందగిస్తే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ రెండూ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. మెట్‌ఫార్మిన్‌కు ఈ స్థాయిలో ఇబ్బంది లేదు. ఈజీఎఫ్ఆర్ 45 కిందికి వస్తే డోసు తగ్గించే ఆలోచన చేస్తారు, 30 దిగితే ఆపేస్తారు. మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి (కిడ్నీ నుంచి ప్రోటీన్ కారుతోందా అని చెప్పే పరీక్ష), ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడితే విటమిన్ బీ12 తగ్గవచ్చు కాబట్టి బీ12 కూడా చేయించండి.

25 స్ట్రిప్పుల డబ్బా ఒకటి కొని మూడు రోజులు ఏడేసి సార్లు చూడండి: మూడు పూటలా తినే ముందు, మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకు, తెల్లవారుజామున 3కి. 21 స్ట్రిప్పులు సరిపోతాయి. ప్రతి అంకె పక్కన ఎన్ని యూనిట్లు పడ్డాయి, ఎక్కడ వేశారు, ఏం తిన్నారు అని రాయాలి. ఆ కాగితం చూశాక డాక్టరుకు దారులుంటాయి: రాత్రి గ్లిమెపిరైడ్ తీసేయడం, రాత్రి డోసు తగ్గించడం, లేదా మిక్స్ బదులు పడుకునే ముందు గ్లార్జిన్ లాంటి రోజంతా సమంగా పనిచేసే ఇన్సులిన్ ఇవ్వడం. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. అలాగని నెలాఖరు అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఈ రాత్రుల సంగతి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

షుగర్ 70 కన్నా తగ్గితే బిస్కెట్లు కాదు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, ఈలోపు కంగారుతో డబ్బా ఖాళీ అవుతుంది. గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు, సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మరోసారి. దాటాక కొన్ని పాలో, ఒక ఇడ్లీనో తినిపించండి. గ్లిమెపిరైడ్ వాడేవారికి కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, ఆ రాత్రి ఇంకోసారి చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఒక హెచ్చరిక. హెచ్‌బీఏ1సీ 9.6 అంటే సగటు షుగర్ దాదాపు 229. దాన్ని మూడు నెలల్లోనే 7కు దించాలన్న పట్టుదల వద్దు. ఏళ్లుగా ఎక్కువలో ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే కంటి రెటీనా జబ్బు కొన్నాళ్లు ముదరవచ్చు, కాళ్లలో నరాల మంటలు కొత్తగా రావచ్చు. డోసులు మార్చే ముందే చుక్కల మందు వేసి రెటీనా పరీక్ష చేయించండి. రాత్రి పడిపోవడం ఆగేదాకా 8 దగ్గర ఉన్నా ఫరవాలేదు, తర్వాత ఇంకా దించవచ్చు.

కషాయం మాట: షుగర్ బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల పని సుమారు సగానికి తగ్గి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో తేలింది, ఆ తర్వాత ఏటా ఇంకొంత తగ్గుతుంది. క్లోమంలో ఎంత మిగిలిందో సీ-పెప్టైడ్ పరీక్ష చెబుతుంది. అది బాగుంటే, కొన్ని నెలలు షుగర్ అదుపులో నిలిస్తే, డోసులు తగ్గించే మాట డాక్టరే ఎత్తుతారు. ఏ కషాయం కోసమైనా ఇన్సులిన్ మానేయొద్దు.

ఇవన్నీ సరిచేశాక కూడా షుగర్ పెరుగుతూ, బరువు తగ్గుతూ ఉంటే టీబీ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పాంక్రియాస్ జబ్బు లేవని చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులకు ఎక్కడైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించారేమో కూడా అడగండి.

తార్నాక_డైటీషియన్:

రెండో ప్రశ్న మిగిలింది. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2017 ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు. కొర్రలు, రాగుల్లోనూ 60 పైనే. పీచు వల్ల కొంత లాభం ఉంది. కానీ కొర్రన్నం కదా అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డిస్తే ఆ లాభం అక్కడికక్కడే పోతుంది. రాగి జావ మరీ త్వరగా ఎక్కుతుంది, పిండిని పల్చగా ఉడికించి తాగడమే కారణం. అంతకన్నా జొన్నరొట్టె, దానితో ఆకుకూర పప్పు మేలు.

మీరు పట్టించుకోవాల్సింది కొలత. 50 గ్రాముల బియ్యం వండితే సుమారు 150 గ్రాముల అన్నం, అందులో 39 గ్రాముల పిండిపదార్థం. వంటింటి త్రాసు మీద ఒక వారం తూచి చూస్తే తర్వాత కంటికే తెలిసిపోతుంది. మిక్స్ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు పూటపూటకీ దాదాపు ఇంతే పిండిపదార్థం, ఇదే వేళకు తినాలి. ఒక పూట అన్నం పూర్తిగా మానేసి డోసు అలాగే ఉంచితే షుగర్ పడిపోతుంది. ఉదయం సూది ప్రభావం మధ్యాహ్నానికి ఉధృతంగా ఉంటుంది కాబట్టి భోజనం 1 దాటనివ్వొద్దు. ఏకాదశి, శనివారం ఉపవాసాలుంటే ముందే డాక్టరుతో డోసు మాట్లాడుకోవాలి.

టిఫిన్ తర్వాత 290 దిగాలంటే ముందు సూదికీ తిండికీ మధ్య 30 నిమిషాలు ఉందో లేదో చూడండి. మీ 30/70 లాంటి హ్యూమన్ మిక్స్‌కు అది తప్పనిసరి, వేసుకున్న వెంటనే తింటే తిండి ముందు ఎక్కి మందు వెనక వస్తుంది. పరీక్షలో 70, 80 అలా ఉన్న ఉదయం మాత్రం ఆ అరగంట ఆగకూడదు, ముందు షుగర్ సరిచేసుకోవాలి. నాలుగు ఇడ్లీలు, చక్కెర కాఫీ బదులు రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు లేదా ఒక పెసరట్టు. పెసల్లో మాంసకృత్తులు 22 శాతం పైనే, బియ్యంలో 8 లోపే. మధ్యాహ్నం ముందు కూర, పప్పు సగం తిని, తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక అంకె తక్కువ ఎక్కుతుంది. ప్రతి భోజనం తర్వాత 15 నిమిషాలు నడక, చెప్పులతోనే. గుళ్లో ఎండకు కాలిన బండల మీద వట్టి కాళ్లతో ప్రదక్షిణ మాత్రం వద్దు, స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు.

పాలేరు_గట్టు:

అందరికీ దండాలు. డాక్టరుతో మాట్లాడాను. రాత్రి గ్లిమెపిరైడ్ ఆపమన్నారు. కొత్త చోట ఉదయం 20, రాత్రి 12 వేయమన్నారు, మూడు రోజుల కాగితంతో శుక్రవారం రమ్మన్నారు. సూది ఇక నేనే వేస్తాను. వెళ్లేటప్పుడు ఇంకేమైనా పట్టుకెళ్లాలా?

వార్డు_సిస్టర్:

వాడుతున్న సీసా, సిరంజి, మీటరు మూడూ తీసుకెళ్లండి. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసే నిమిషంలోనే పరగడుపున మీ మీటరుతోనూ చూసి రెండు అంకెలు పోల్చుకోండి. 100 పైన ఉన్నప్పుడు 15 శాతం లోపు తేడా ఉంటే మీటరు బాగున్నట్టే. గడ్డల చుట్టూ పెన్నుతో గీత గీసి తీసుకెళ్తే డాక్టరు చేత్తో తడిమి చూస్తారు. ఇవాళ్టి నుంచి గ్లూకోజ్ పొడి, చెంచా, నీళ్ల సీసా ఆమె తలగడ పక్కనే ఉండాలి, మంచం దిగకుండా చేతికి అందేలా.