సూది మానినవాళ్ళ చేతికి టెస్టు కిట్ ఇవ్వొచ్చా?

రాయపురం అక్క:
చెన్నై ఉత్తరాన మత్తు కోసం సూదిమందు వాడేవాళ్ళ మధ్య 9 ఏళ్ళుగా తిరుగుతున్నాను. సూది మానినవాళ్ళనే పనిలోకి తీసుకుని (వాళ్ళని పీర్లు అంటాం), మిగతావాళ్ళకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి (కాలేయానికి సోకే వైరస్) టెస్టులు వాళ్ళచేతే చేయిద్దామంటే, మొన్నొక మీటింగులో ఒక పెద్దాయన లేచి, "నిన్నటిదాకా సూది పొడుచుకున్నవాడి చేతికే కిట్ ఇస్తారా? రేపు ఏదైనా అయితే పూచీ ఎవరిది?" అన్నారు. గదిలో సగం మంది తలలూపారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: ఇవ్వాలి. అదీ నెలజీతం మీద ఇవ్వాలి.

దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు 1986లో బయటపడింది ఈ ఊళ్ళోనే, డాక్టర్ సునీతి సాలమన్ బృందం చేసిన పరీక్షల్లో. ఆ తర్వాత ఐసీటీసీలు (సలహా చెప్పి టెస్టు చేసే సర్కారు కేంద్రాలు) వచ్చాయి, టెస్టు ఉచితం, మందులు ఉచితం. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ నూటికి 0.2 దగ్గర ఉంటే, 2017 సెంటినల్ సర్వేలో సూదిమందు వాళ్ళలో 6.26 వచ్చింది. అయినా టెస్టుకి రారు. ఎందుకు రారో తెలియాలంటే ఓపీ క్యూలో ఒక పూట నిలబడాలి. పోయిన మే నెలలో ఒక కుర్రాడిని తీసుకెళ్ళాను. ఆ ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని మరీ. చీటీ రాసే ఆవిడ "ఏం జబ్బు?" అని అందరికీ వినపడేలా అడిగింది. వెనక్కి తిరిగి చూస్తే వాడు లేడు. వారం తర్వాత మా పీర్ వెళ్ళాడు. జబ్బు ఊసే ఎత్తలేదు. టీ కొట్టు దగ్గర పక్కన కూర్చుని తన చొక్కా చేతులు మోచేతి పైకి మడుచుకున్నాడు, అంతే. ఆ పాత మచ్చలు చూసి కుర్రాడే వేలు చాపాడు. నేను ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివాను. ఆ పని నావల్ల కాదు.

ల్యాబ్ టెక్నీషియన్:
అక్కా, కుర్రాడి సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా ఒప్పుకోలేను. ర్యాపిడ్ కిట్ బయటికి సులువుగానే కనిపిస్తుంది. రక్తం చుక్క తక్కువైతే ఒక తప్పు, చెప్పిన నిమిషాలు దాటాక చూస్తే ఇంకో తప్పు, ఎండలో బ్యాగులో మాడిన కిట్ వాడితే మరో తప్పు. సన్నటి గీతని "లేదులే" అనుకుంటే? మొన్ననే సూది పంచుకున్నవాడికి నెగెటివ్ వచ్చిందనుకోండి, విండో పీరియడ్ (సోకినా టెస్టులో కనబడని మొదటి రోజులు) గురించి చెప్పకుండా పంపేస్తే ఆ ధైర్యంతో ఇంకొకరికి సూది ఇస్తాడు. హెపటైటిస్ సి అయితే మరీ జాగ్రత్త. యాంటీబాడీ టెస్టు రియాక్టివ్ (యాంటీబాడీలు ఉన్నట్టు) వస్తే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని మాత్రమే. కొందరిలో అది దానంతటదే పోయి ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ టెస్టు (వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో చూసేది) అయ్యేదాకా జబ్బు ఉందని చెప్పకూడదు. ఇవన్నీ రెండు రోజుల ట్రైనింగులో వస్తాయా?

రాయపురం అక్క:
రావు, నిజమే. కానీ తమ్ముడూ, పీర్ చేసేది స్క్రీనింగ్ వరకే. రియాక్టివ్ వస్తే ఐసీటీసీలో వేరే వేరే కిట్లతో మళ్ళీ చూశాకే ఏదైనా చెప్పేది. సరైన శిక్షణ ఉంటే ల్యాబ్ చదువు లేనివాళ్ళూ హెచ్‌ఐవీ ర్యాపిడ్ టెస్టు చేయవచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2015లోనే చెప్పింది. హెపటైటిస్ సికి 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమంలో మందులు ఉచితం. చాలామందికి 12 వారాల మాత్రలతో సరిపోతుంది, నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. మా దగ్గర మనుషులు చేజారేది రియాక్టివ్ అని చెప్పిన రోజుకీ ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు వచ్చే రోజుకీ మధ్యలోనే. అప్పుడు పొద్దున్నే వెళ్ళి లేపి తీసుకొచ్చేది పీరే.

ఒక చెల్లెలు:
మీరిద్దరూ టెస్టు గురించే మాట్లాడుతున్నారు. టెస్టు చేసే మనిషి గురించి నేను చెప్తాను. మా అన్నయ్య 14 నెలలు మానేశాడు. ఒక సంస్థ వాళ్ళు పీర్ పని ఇచ్చారు. అమ్మ ఆ ఐడీ కార్డుకి బొట్టు పెట్టి దేవుడి పటం ముందు ఉంచింది. పని ఎక్కడ వేశారో తెలుసా? తను వాడిన గోడ వెనకే. "నీకక్కడ అందరూ తెలుసు కదా" అన్నారట. నాలుగో నెలలో మళ్ళీ మొదలైంది. తెలిసిన రోజే కార్డు లాక్కున్నారు. అప్పటికి రెండు నెలల గౌరవ వేతనం రావాలి. ఎలా ఉన్నాడని ఒక్కరు ఫోన్ చేయలేదు. ఎంతమందికి టెస్టయిందో మీరు రిజిస్టరులో రాసుకుంటారు. మా అన్నయ్యని ఏ గడిలో రాశారు?

వ్యాసర్పాడి పీర్:
చెల్లెమ్మా, నేను ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా. ఓఎస్టీ (సూదిమందు బదులు మాత్ర ఇచ్చే చికిత్స) మీద ఉన్నా. రోజూ పొద్దున బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుని, అది కరిగేదాకా నర్సు ముందు కూర్చుని, ఆ తర్వాతే ఫీల్డుకి. నేనూ రెండుసార్లు జారాను. మా మేడం కార్డు లాక్కోలేదు, నెల రోజులు ఆఫీసులో కూర్చోబెట్టి రిజిస్టర్లు రాయించింది. మీ అన్నయ్య విషయంలో వాళ్ళు చేసింది తప్పు.

ఇంకో సంగతి ఎవరూ అనలేదు. మాది పారిశుధ్య పనివాళ్ళ లైను, ఇంట్లో అందరం తెలుగే. ఒకడికి టెస్టు చేయబోతే, "మీ అమ్మా మా అమ్మా ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారన్నా, నువ్వొద్దు" అన్నాడు. సమ్మతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు అని 2017 హెచ్‌ఐవీ చట్టంలో ఉంది, అది నాకు నేర్పించారు. కానీ నా నోటి మీద వాడికి నమ్మకం ఎలా కలుగుతుంది? పక్క ఏరియా పీర్ దగ్గరికి పంపాను, అక్కడ చేయించుకున్నాడు. కాబట్టి సొంత వీధిలో పని వద్దు. మరీ దూరం పంపినా కష్టమే, కొత్త ముఖమని పోలీసులు బ్యాగు వెతికితే, మేం పంచే సిరంజిలు కనబడగానే స్టేషనుకే. పక్క ఏరియా అయితే రెంటికీ సరిపోతుంది. ఒక్కో పీర్‌కి 40 మంది చాలు, అంతకు మించి అంటగట్టొద్దు.

ల్యాబ్ టెక్నీషియన్:
అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా భయం పూర్తిగా పోలేదు. ఒకటి చేయండి. ఫలితం ముందే తెలిసిన శాంపిళ్ళు నెలకోసారి పీర్లకిచ్చి చేయించి చూడండి. ఎవరైనా తప్పితే ఆ నెల వేలు గుచ్చే పని ఆపి, వెంటబెట్టుకుని తీసుకెళ్ళే పని ఇవ్వండి, జీతం మాత్రం కోయొద్దు. శనివారం మధ్యాహ్నాలు నాకు ఖాళీ. సన్న గీతలు ఎలా ఉంటాయో నేనే వచ్చి చూపిస్తాను.

ఒక చెల్లెలు:
జీతం అంటున్నారు సరే. అక్కా, మీ పీర్లకి ఈ నెల డబ్బులు పడ్డాయా?

రాయపురం అక్క:
పడలేదమ్మా. పోయిన నెలవీ ఇంకా రావాలి. వచ్చే మీటింగులో నేను మొదట లేచి అడిగేది అదే. మీ అన్నయ్య ఇప్పుడెక్కడున్నాడు? మాట్లాడతానంటే ఈ వ్యాసర్పాడి తమ్ముడిని వెళ్ళమని అడుగుతాను. టెస్టు కోసం కాదు.